రిపోర్టులో ఆ ఒక్క పంక్తి

(అప్పనపల్లిలో జరిగిన మన సంఘ సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో, ప్రభుత్వ ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన ఒక సభ్యుడు చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



బాలబాలాజీ స్వామి సన్నిధిలో, వైనతేయ గోదావరి ఒడ్డున నాలుగు మాటలు చెప్పే అవకాశం ఇచ్చినందుకు కార్యవర్గానికి కృతజ్ఞతలు. మన సమావేశాల్లో సాధారణంగా డి.ఎ. బకాయిలు, మెడికల్ రీయింబర్సుమెంటు, బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ ఇబ్బందులు చర్చకు వస్తాయి. ఆరోగ్యం మీద మాట్లాడమంటే షుగరు గురించో, బి.పి. గురించో చెబుతాననుకొని ఉంటారు. నేను ఒక రిపోర్టులోని ఒక్క పంక్తి గురించి మాత్రమే మనవి చేస్తాను.

రొమ్ము క్యాన్సర్ అని తేలిన స్త్రీకి ముక్క పరీక్ష చేస్తారు. దానినే బయాప్సీ అంటాం. ఆ రిపోర్టు అడుగుభాగంలో "ఇ.ఆర్. పాజిటివ్" అనో, "ఇ.ఆర్. నెగెటివ్" అనో ఒక పంక్తి ఉంటుంది. పైనున్న పెద్ద పెద్ద మాటలు చదివి కంగారుపడి, ఈ పంక్తి దగ్గరకు వచ్చేసరికి మనం కాగితం మడిచేస్తాం. కాని ఆ తల్లి రాబోయే అయిదేళ్ళో పదేళ్ళో రోజుకొక మాత్ర వేసుకోవాలా, అక్కరలేదా అనేది ఆ పంక్తే నిర్ణయిస్తుంది. అది తప్పయితే, పనిచేసే మందు అందక ఒక ప్రాణం పోవచ్చు. పనిచేయని మందు ఏళ్ళ తరబడి మింగడమూ జరగవచ్చు. ఆ పంక్తి ఎలా పుడుతుందో, ఎక్కడ తప్పుతుందో, మనం ఏం అడగాలో చెప్పడమే నా ఉద్దేశం.

ఆడవాళ్ళ ముందు ఇటువంటి విషయం ఏమిటని ఎవరైనా అనుకుంటే క్షమించాలి. మన ఇళ్ళల్లో మోకాలి నొప్పి గురించి వీధి అరుగుమీద చెప్పుకుంటారు గాని, రొమ్ములో గడ్డ గురించి కన్నకూతురికైనా చెప్పరు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. మొదట్లో ఆ గడ్డకు చాలామందిలో నొప్పే ఉండదు. వంద రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఒకటి మగవారికీ వస్తుంది. అందుచేత ఇది అందరూ వినవలసిన విషయమే.

ఇన్‌వర్డు గుమాస్తా

హార్మోను అంటే ఒక ఉత్తర్వు అనుకోండి. సచివాలయం నుంచి జి.ఓ. వచ్చినట్టు, అండాశయం నుంచి ఈస్ట్రోజన్ అనే హార్మోను రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. కాని అన్ని ఆఫీసులూ ఆ ఉత్తర్వును అమలుచేయవు. ఏ కణంలో దాన్ని అందుకునే ఇన్‌వర్డు గుమాస్తా ఉన్నాడో ఆ కణమే అమలుచేస్తుంది. ఆ గుమాస్తానే శాస్త్రజ్ఞులు గ్రాహకం అంటారు. ఇంగ్లీషులో రిసెప్టార్. ఈస్ట్రోజన్ రిసెప్టార్ అన్న మాటకు పొడి అక్షరాలే ఇ.ఆర్.

ఈ గుమాస్తా కణం మధ్యలో, కేంద్రకంలో పనిచేస్తాడు. అసలు దస్తావేజులు, అంటే జన్యువులు, ఉండేది అక్కడే. హార్మోను వచ్చి చేతిలో పడగానే ఫలానా ఫైలు తెరవమంటాడు. కణం పెరుగుతుంది, విభజన చెందుతుంది. ఇలా కేంద్రకంలో పనిచేసే గ్రాహకాలది ఒక పెద్ద కుటుంబం. మనిషిలో ఇవి 48 రకాలు.

ఇదంతా మనకు దూరపు సంగతి అనుకోకండి. మన మందుల డబ్బాలు తెరిస్తే ఈ కుటుంబమే కనిపిస్తుంది. థైరాయిడ్ మాత్ర, విటమిన్ డి, ఆయాసానికి ఇచ్చే ప్రెడ్నిసొలోన్, షుగరుకు ఇచ్చే పయోగ్లిటజోన్, రక్తంలో కొవ్వుకు ఇచ్చే ఫెనోఫైబ్రేట్ అన్నీ ఇటువంటి గ్రాహకాల ద్వారానే పనిచేస్తాయి.

చివరి రెండు మందులూ పట్టుకునే గ్రాహకాల కథలో మన తెలుగువాళ్ళ పాత్ర ఉంది. ఉస్మానియా వైద్యకళాశాలలో చదివి, చికాగోలోని నార్త్‌వెస్ట్రన్ విశ్వవిద్యాలయంలో పెథాలజీ విభాగాధిపతిగా పనిచేసిన డాక్టర్ జనార్దన్ రెడ్డిగారి బృందం, కొవ్వు తగ్గించే ఒక రకం మందులను పట్టుకునే ప్రోటీన్ ఎలుక కాలేయంలో ఉందని 1983లో చూపించింది. ఆ రకం మందులకు స్పందించే గ్రాహకం జన్యువును 1990లో ఇంగ్లండులో ఇస్మాన్, గ్రీన్ అనే శాస్త్రజ్ఞులు వేరుచేశారు. తరువాత హైదరాబాదులో డాక్టర్ అంజిరెడ్డిగారి పరిశోధన సంస్థ అదే కుటుంబంలోని గ్రాహకం మీద పనిచేసే షుగరు మందును తయారుచేసి, 1997లో డెన్మార్కు కంపెనీ నోవో నార్డిస్క్‌కు హక్కులు ఇచ్చింది. అది బజారుకు రాలేదు గాని, మన దేశంలో కనిపెట్టిన అణువు కోసం విదేశీ కంపెనీ ముందుకు రావడం ఆ రోజుల్లో పెద్ద వార్త.

అయిదుగురు శ్రోతలు

ఇక ఈస్ట్రోజన్ దగ్గరకు వద్దాం. 1896లో గ్లాస్గో నగరంలో బీట్సన్ అనే శస్త్రవైద్యుడు, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకు అండాశయాలు తొలగిస్తే పుండు తగ్గవచ్చునని ప్రకటించాడు. అయితే తరువాతి అనుభవంలో ముగ్గురిలో ఒకరికే గుణం కనిపించేది. మిగతా ఇద్దరికీ ఆపరేషను బాధే మిగిలేది. ఎవరికి గుణం ఇస్తుందో ముందుగా చెప్పే దారి అరవై ఏళ్ళ పాటు దొరకలేదు.

ఆ దారి చూపినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఎల్‌వుడ్ జెన్సన్. ఈస్ట్రోజన్‌కు రేడియోధార్మిక గుర్తు తగిలించి, అది శరీరంలో ఎక్కడ నిలుస్తుందో వెతికాడు. 1958లో వియన్నా మహాసభలో ఈ సంగతి చెప్పినప్పుడు హాలులో ఉన్నవారు అయిదుగురేనట. అందులో ముగ్గురు తమ వంతు ఉపన్యాసం కోసం కూర్చున్నవారే! ఆ లెక్కన ఈ రోజు నేను అదృష్టవంతుణ్ణి.

కణితిలో గ్రాహకం ఉంటేనే హార్మోను చికిత్స పనిచేస్తుందని తరువాత తేలింది. కాని ఆ నాటి పరీక్షకు పెద్ద ముక్క కావాలి, కోసిన వెంటనే గడ్డకట్టించాలి, రేడియోధార్మిక పదార్థం కావాలి. పైగా ముక్కనంతా నూరి లెక్కకట్టేవారు గనుక, ఏ కణంలో గ్రాహకం ఉందో తెలిసేది కాదు. పెద్ద నగరాల్లో తప్ప జరిగే పని కాదది.

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతిని ఉపయోగించి 1980లో జెఫ్రీ గ్రీన్, జెన్సన్, వారి సహచరులు మనిషి ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని పట్టుకునే యాంటీబాడీలను తయారుచేశారు. అందుకు కావలసిన గ్రాహకం ఎం.సి.ఎఫ్.-7 అనే కణాల నుంచి తీశారు. ఆ కణాలు 1970లో రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసిన సిస్టర్ కాథరిన్ ఫ్రాన్సిస్ అనే అమెరికా సన్యాసినివి. ఆమె పోయి అర్ధశతాబ్దం దాటినా, ఈ పరీక్షలు సరిచూసుకోవడానికి ఆమె కణాలను ప్రపంచమంతటా ఇంకా వాడుతున్నారు.

రెండు పుట్టుమచ్చలు

యాంటీబాడీ అంటే ఏమిటి? ఒంట్లోకి పరాయి పదార్థం వస్తే దాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్. కావలసిన గ్రాహకాన్ని ఎలుకకో కుందేలుకో ఎక్కిస్తే, దాని ఒంట్లో ఆ గ్రాహకానికి అంటుకునే యాంటీబాడీ పుడుతుంది.

మనం ఉద్యోగంలో చేరినప్పుడు సర్వీసు రిజిస్టరులో రెండు పుట్టుమచ్చలు రాసేవారు, జ్ఞాపకముందా? "కుడి చెంపమీద ఒకటి, ఎడమ మోచేతిమీద ఒకటి" అని. యాంటీబాడీ చూసేది కూడా పుట్టుమచ్చనే. గ్రాహకం పూర్తి రూపాన్ని చూడదు. దాని ఒంటిమీద ఒక చిన్న భాగాన్ని చూసి అంటుకుంటుంది. పెథాలజీ ప్రయోగశాలలో ముక్కను ఫార్మలిన్‌లో నిలవబెట్టి, మైనంలో పోతపోసి, వెంట్రుకకన్న పలచగా కోసి, గాజు స్లైడుమీద పరుస్తారు. దానిమీద యాంటీబాడీ వేస్తారు. గ్రాహకం ఉన్నచోట అది అంటుకుంటుంది. అంటుకున్నచోట గోధుమరంగు వచ్చే ఏర్పాటు చేస్తారు. పెథాలజిస్టు సూక్ష్మదర్శినిలో చూసి, వంద కేంద్రకాల్లో ఎన్నింటికి రంగు వచ్చిందో లెక్కిస్తాడు. అమెరికా నిపుణుల సంఘాల 2010 సూచనల ప్రకారం వందకు ఒక్కటి వచ్చినా పాజిటివే. ఒకటి నుంచి పది లోపు ఉంటే "తక్కువ పాజిటివ్" అని విడిగా రాయమని 2020లో చెప్పారు.

అదే పుట్టుమచ్చ వేరే మనిషికి కూడా ఉంటే? అక్కడే వస్తుంది చిక్కు. సాక్షి నిజాయితీపరుడే, మనిషిని పొరబడ్డాడు. 1996లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఈస్ట్రోజన్‌కు రెండో గ్రాహకం ఉందని ప్రకటించారు. మొదటిదానికి ఆల్ఫా అని, దీనికి బీటా అని పేరు. ఒకే ఇంటిపేరుగల అన్నదమ్ములన్నమాట. మన ఇ.ఆర్. రిపోర్టు అన్నగారి గురించి. తమ్ముడి కోసం కంపెనీలు ఎన్నో యాంటీబాడీలు అమ్మాయి. ఇరవై ఏళ్ళపాటు ఒకరు రొమ్ములో ఉందన్నారు, ఒకరు లేదన్నారు. ఒకరు మంచిదన్నారు, ఒకరు చెడ్డదన్నారు.

2017లో స్వీడన్‌లోనే ఒక బృందం ఆ యాంటీబాడీలలో 13 రకాలను వరుసగా నిలబెట్టి విచారించింది. బీటా ఉన్న కణాలను, లేని కణాలను ఇచ్చి గుర్తుపట్టమంది. అన్ని పరీక్షల్లోనూ బీటాను మాత్రమే పట్టుకొని నిలబడింది ఒకే ఒక్కటి. దాని పేరు పి.పి.జెడ్. 0506. మిగతావి దేన్నో పట్టుకున్నాయి, లేదా అసలైనదాన్ని వదిలేశాయి. నిలబడిన ఆ ఒక్కదానితో వెతికితే రొమ్ము కణజాలంలో బీటా కనిపించలేదు. ఎందరు విద్యార్థుల కష్టం, ఎంత డబ్బు, ఎన్ని ఏళ్ళు పొరబడ్డ సాక్షి మాటమీద నడిచాయో ఆలోచించండి.

అందుకే కొన్ని సీసాలమీద "పరిశోధనకు మాత్రమే" అని రాసి ఉంటుంది. పరిశోధన కోసం అమ్మే యాంటీబాడీ వేరు, రోగి రిపోర్టు కోసం పరీక్షించి ఆమోదించిన యాంటీబాడీ వేరు. ఇ.ఆర్. ఆల్ఫాకు అదృష్టవశాత్తు దశాబ్దాలుగా నిగ్గుతేలిన మంచి యాంటీబాడీలు ఉన్నాయి. కనుక భయపడవలసింది లేదు. అయితే మంచి సాక్షి ఉన్నంత మాత్రాన తీర్పు సరిగా వస్తుందని కాదు.

కెనడాలో ఏం జరిగింది

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ అనే రాష్ట్రం ఉంది. సముద్రంమీద, చేపలమీద బతికే ప్రాంతం. అక్కడ 1997 నుంచి 2005 వరకు రాష్ట్రం మొత్తానికి ఒక ప్రయోగశాలలో ఇ.ఆర్. పరీక్షలు చేశారు. 2005లో ఒక రోగికి నెగెటివ్ వచ్చిన ముక్కను మళ్ళీ పరీక్షిస్తే పాజిటివ్ వచ్చింది. అనుమానం వచ్చి పాత ముక్కలను వేరే ఊరికి పంపితే, దాదాపు నాలుగు వందలమంది రిపోర్టులు తప్పని తేలింది. వారిలో కొందరికి హార్మోను మాత్రలు ఇచ్చి ఉండవలసింది, ఇవ్వలేదు. కొందరు అప్పటికే చనిపోయారు.

జస్టిస్ మార్గరెట్ కామెరాన్ విచారణ జరిపి 2009లో నివేదిక ఇచ్చారు. ముక్కలను ఫార్మలిన్‌లో సరిగా నిలవబెట్టకపోవడం, ప్రతిసారీ సరిచూసుకునే స్లైడులు పక్కన పెట్టకపోవడం, బయటి ప్రయోగశాలలతో పోల్చిచూసుకోకపోవడం వంటి లోపాలు బయటపడ్డాయి. పెద్ద యంత్రాలు, చదువుకున్న మనుషులు ఉన్న దేశంలోనే ఇలా జరిగింది. ఎవరూ కావాలని చేసింది కాదు. రోజువారీ చిన్న పనుల్లో శ్రద్ధ తగ్గింది, అంతే.

పులసకున్న మర్యాద

మన కోనసీమవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పాలా? వరద గోదావరిలో పులస వలలో పడ్డ క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. ఎండలో గంటలకొద్దీ పడేసి, ఆ తరువాత ఎంత చేయితిరిగిన ఇల్లాలు పులుసు పెట్టినా ఏం లాభం? కోసిన ముక్క కూడా అంతే. ఒంట్లోంచి బయటపడ్డ క్షణం నుంచి అందులోని గ్రాహకం చెడిపోవడం మొదలవుతుంది. పుట్టుమచ్చ చెరిగిపోతే సాక్షి గుర్తుపట్టలేడు. అప్పుడు రిపోర్టులో "నెగెటివ్" అని వస్తుంది. నిజానికి గ్రాహకం లేక కాదు, మనం దాచుకోలేక.

అందుచేత నియమం ఏమిటంటే, గంటలోపల ముక్క ఫార్మలిన్‌లో పడాలి. ముక్కకు పదింతల ఫార్మలిన్ ఉండాలి. ఆరు గంటలకు తక్కువ, డెబ్బై రెండు గంటలకు ఎక్కువ అందులో ఉండకూడదు. మంచినీళ్ళలోగాని, సెలైన్‌లోగాని వేసి పంపకూడదు. రొమ్ము మొత్తం తీసిన ఆపరేషనైతే, దాన్ని నిలువుగా కోసి పెట్టకపోతే ఫార్మలిన్ లోపలి గడ్డదాకా చేరదు.

మన దగ్గర ముక్క ఒక ఊళ్ళో తీస్తారు, పరీక్ష కాకినాడలోనో రాజమండ్రిలోనో విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో జరుగుతుంది. ఒక్కోసారి ఆ సీసా మన చేతికే ఇచ్చి తీసుకెళ్ళమంటారు. రేపు ఆదివారం, ఎల్లుండి పండుగ అని ఇంట్లో గూట్లో పెట్టకండి. నా ఉద్యోగకాలంలో మూత వదులై ఫార్మలిన్ కారిపోయి, ఎండిన ముక్కలతో వచ్చిన సీసాలు చూశాను. పెన్షన్ కాగితం తీసుకెళ్ళినంత జాగ్రత్తగా ఆ సీసాను తీసుకెళ్ళండి.

ఆ మాత్ర విలువ

ఇంత జాగ్రత్త దేనికోసం? 1962లో ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక మందు తయారుచేసింది. గర్భనిరోధానికి పనికొస్తుందనుకున్నారు, రాలేదు. అదే టామోక్సిఫెన్. గుమాస్తా చేతిలో ఖాళీ కవరు పెట్టి కూర్చోబెడితే అసలు ఉత్తర్వు అందుకోలేడు కదా, రొమ్ములో అది చేసేది ఆ పనే. గ్రాహకం ఉన్నవారు అయిదేళ్ళు వేసుకుంటే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి, దానివల్ల మరణాలు దాదాపు మూడోవంతు తగ్గుతాయని వేలాదిమందిమీద జరిగిన పరీక్షలను కలిపి చూసి 2011లో ప్రకటించారు. గ్రాహకం లేనివారికి ఆ లాభం లేదు. ముట్లుడిగినవారికి లెట్రొజోల్, అనస్ట్రొజోల్ వంటి మాత్రలు ఇస్తారు. అవి ఉత్తర్వు తయారవడాన్నే ఆపుతాయి. ఇవేమీ లక్షల ఖరీదు మందులు కావు. క్యాన్సర్ మందుల్లో చవకైనవాటిలో ఇవి ఉన్నాయి.

రొమ్ము క్యాన్సర్లలో సుమారు మూడింట రెండు వంతులు, అంతకన్న ఎక్కువే, ఇ.ఆర్. పాజిటివ్. అంటే ఆ పంక్తి సరిగా వస్తే ఎక్కువమందికి చవకైన మాత్ర అండ దొరుకుతుంది. అయితే ఒళ్ళు వేడెక్కుతోందనో, కీళ్ళు నొప్పి అనో, బాగానే ఉన్నాను కదా అనో మధ్యలో మానేసేవారు ఉన్నారు. టామోక్సిఫెన్‌తో అరుదుగా కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, గర్భసంచికి ఇబ్బంది కలగవచ్చు. లెట్రొజోల్ వంటివాటితో ఎముకలు పలచబడవచ్చు. ముట్లుడిగిన తరువాత రక్తస్రావం కనిపించినా, కాలు వాచినా వెంటనే చూపించుకోండి. మానేయాలో మార్చాలో డాక్టరుగారు చెబుతారు, పక్కింటివారు కాదు.

మనం అడగవలసినవి

ఇంటి పెద్దలుగా మీరు జ్ఞాపకం పెట్టుకోవలసినవి అయిదు.

ఒకటి, ఆపరేషనుకు ముందే అడగండి: "ముక్కను గంటలోపల ఫార్మలిన్‌లో పెడతారా?" ఇది వారిని అనుమానించడం కాదు. అడిగితే గుర్తుంటుంది.

రెండు, రిపోర్టులో ఇ.ఆర్. పక్కన పి.ఆర్., హెర్-2 కూడా ఉన్నాయా, ఎంత శాతం అని రాశారా చూడండి. ఉత్త "నెగెటివ్" అని ఉంటే, సరిచూసుకునే స్లైడులకు రంగు వచ్చిందా అని అడగండి.

మూడు, నెగెటివ్ వచ్చి డాక్టరుగారికి అది రోగి తీరుకు సరిపోలేదనిపిస్తే, అదే మైనపు దిమ్మెతో మరో ప్రయోగశాలలో మళ్ళీ పరీక్ష చేయించవచ్చు. దానికి మళ్ళీ కోయనక్కరలేదు.

నాలుగు, ఆ మైనపు దిమ్మెను ప్రయోగశాలవాళ్ళు బ్లాకు అంటారు. దాని నంబరు రాసిపెట్టుకోండి. సర్వీసు రిజిస్టరు ఎంత ముఖ్యమో అదీ అంతే. కొన్నేళ్ళ తరువాత జబ్బు తిరగబెడితే పాతదానితో పోల్చి చూడాలి.

అయిదు, జబ్బు వేరేచోట మళ్ళీ కనిపిస్తే, వీలైతే ఆ కొత్త చోట ముక్కకు కూడా ఇ.ఆర్. చూడమని అడగండి. మొదట ఉన్న గుమాస్తా తరువాత లేకపోవచ్చు.

ప్రయోగశాలలో పనిచేసే పిల్లలు మీ ఇళ్ళల్లో ఉంటే వారికి నా మాటగా ఒకటి చెప్పండి. మనం ఏటా బతికే ఉన్నామని కాగితం ఇచ్చుకుంటున్నాం కదా! ప్రతి రోజూ స్లైడుల పక్కన, గ్రాహకం ఉన్న ముక్క ఒకటి, లేని ముక్క ఒకటి పెట్టి చూడటం యాంటీబాడీకి లైఫ్ సర్టిఫికెట్. అది లేని రోజు రిపోర్టుమీద సంతకం పడకూడదు. రంగు మారితే కారణం వెతకాలి. కొత్త సీసా తెరిస్తే పాతదానితో పోల్చాలి. ఆ స్లైడు వెనక ఒక తల్లి ఉంది. ఆమె ఎవరో మనకు తెలియదు, మనం ఎవరో ఆమెకు తెలియదు.

అమ్మలారా, గడ్డ తగిలితే దాచకండి. అయ్యలారా, ఆవిడ చెప్పలేకపోతుంటే మీరే అడగండి, తోడు వెళ్ళండి. రిపోర్టు చేతికి వచ్చినప్పుడు ఆ ఒక్క పంక్తి చదివాకే కాగితం మడవండి.

 సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి, తెలిసినంతవరకు చెబుతాను. సెలవు.